పొదలోంచి 'టక్' అంటున్న పిట్ట: కంపజిట్టను గుర్తుపట్టడం ఎలా

వినాయక నిమజ్జనాల సందడి సద్దుమణిగాక ఒక రోజు పొద్దున్నే పెరట్లో నిమ్మచెట్టు లోపలి నుంచో, గోరింట కంచెలోంచో 'టక్... టక్...' అని పొడి చప్పుడు మొదలవుతుంది. రెండు గులకరాళ్ళను తాటించినట్టు ఉంటుంది. తొంగిచూస్తే ఏమీ కనబడదు. రెండడుగులు వెనక్కి వేస్తే మళ్ళీ 'టక్'. ఆ రోజు నుంచి ఉగాది దాటేదాకా ఆ చప్పుడు ఆ చుట్టుపక్కలే ఉంటుంది.

అది బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. పాత పక్షిశాస్త్ర గ్రంథాల్లో దీనికి నమోదైన తెలుగు పేరు కంపజిట్ట. శాస్త్రనామం ఆక్రోసెఫాలస్ డ్యుమెటోరమ్. ఈ రెండో మాటకు లాటిన్‌లో 'ముళ్ళపొదలది' అని అర్థం. 1849లో కలకత్తాలో మ్యూజియం చూసుకుంటూ దీన్ని శాస్త్రానికి పరిచయం చేసిన ఎడ్వర్డ్ బ్లైత్‌కూ, కంపల్లో చూసి పేరు పెట్టిన మనవాళ్ళకూ కంటికి ఆనింది ఒకటే లక్షణం. ఇంగ్లీషు పేరులోని 'రీడ్' (అంటే జమ్ము) మాత్రం దారి తప్పిస్తుంది. చెరువులో జమ్ము దగ్గర దీనికోసం కాపు కాస్తే రోజంతా వృథా.

ఫిన్లండ్, బాల్టిక్ దేశాల నుంచి రష్యా మీదుగా సైబీరియాలో యెనిసీ నది ప్రాంతం దాకా ఇది గూళ్ళు కడుతుంది. చలికాలం గడపడానికి భారత ఉపఖండానికీ శ్రీలంకకూ వస్తుంది. ఫిన్లండ్ నుంచి హైదరాబాదుకు సూటిగా కొలిచినా ఆరు వేల కిలోమీటర్ల పైమాటే. పిట్ట బరువేమో తులం బంగారం అంత, అటూ ఇటూగా 10 నుంచి 13 గ్రాములు. యూరప్‌లో పక్క పొదలో గూడు కట్టిన చిన్న పిట్టల్లో చాలా భాగం ఆఫ్రికా దారి పడితే, ఇది ఆగ్నేయంగా తిరిగి మన దగ్గరికొస్తుంది.

ముందే ఒక మాట. దీన్ని రంగు చూసి గుర్తుపట్టాలని మొదలుపెడితే ఓడిపోతారు. రంగులో చెప్పుకోదగ్గది ఏమీ లేదు, మట్టిరంగు పిట్ట. పుస్తకం తెరిస్తే ఒకే పేజీలో ఇలాంటివే ఎనిమిది బొమ్మలుంటాయి. అందుకే ముందు కాలం, చోటు, తర్వాత కూత, నడత, ఆకారం చూసుకుని, రంగు దగ్గరికి చిట్టచివర రండి.

1. కాలం, చోటు

తెలుగు నేల మీద దీని హాజరు సెప్టెంబర్‌లో మొదలవుతుంది, అక్టోబర్‌కల్లా అంతటా వినిపిస్తుంది. ఏప్రిల్ నెలాఖరుకు దాదాపు ఖాళీ, కొన్ని మే మొదటి రోజుల దాకా ఉంటాయి. జూన్‌లోనో జూలైలోనో ఇలాంటి పిట్ట కనబడితే ముందు ఇది కాదనుకుని వేరే పేరు వెతకండి.

చోటు కోసం అడవికి పోనక్కర్లేదు. మనిషి నడుమెత్తు నుంచి రెండు నిలువుల దాకా గుబురుగా, లోపల నీడగా ఉండే ఏ పొదైనా చాలు: నిమ్మ, గోరింట, కరివేపాకు గుంపు, కాగితంపూల తీగ, మామిడితోట గట్టు, లాంటానా, చెరువుగట్టు మీద సర్కారు తుమ్మ. హైదరాబాదు కేబీఆర్ పార్కులో, విశాఖ కంబాలకొండలో, యూనివర్సిటీ క్యాంపస్‌లలో, అపార్టుమెంటు ప్రహరీ పక్కన కూడా ఉంటుంది. బోసి మైదానంలో ఉండదు. పొద అడుగు కనబడేలా కత్తిరించేసిన కంచెలోనూ ఉండదు.

2. ముందు చెవికి పని చెప్పండి

పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా, సాయంత్రం నాలుగున్నర తర్వాత వెళ్ళండి. పొదకు ఏడెనిమిది అడుగుల దూరంలో, ఎండ మీ వీపున పడేలా నిలబడి ఐదు నిమిషాలు కదలకండి. 'టక్' అన్నది ఒక్కొక్కటిగా, మధ్యలో ఎడం ఇచ్చి వస్తుంది. నాలుకను అంగిటికి కొట్టి ఒక్కసారి వదిలితే వచ్చే చప్పుడు దానికి బాగా దగ్గర. కోపమొస్తేనో, పక్క పిట్ట హద్దు దాటితేనో 'చర్ర్‌ర్' అని గీరినట్టు కూడా అంటుంది.

ఇక్కడ మొదటి పొరపాటు ఉడుతతో జరుగుతుంది. ఉడుత కూత సన్నగా, కీచుగా, తాళం వేసినట్టు ఆగకుండా సాగుతుంది, దాంతోపాటు తోక కూడా ఊగుతుంది. కుట్టుపిట్ట కంగారుపడితే 'పిట్‌పిట్‌పిట్' అని గుక్క తిప్పుకోకుండా అరుస్తుంది. కంపజిట్టకు ఆ తొందర లేదు. ఒకటి అని, ఆలోచించుకుని, ఇంకోటి అంటుంది.

ఫోన్‌లో, కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ లాంటి యాప్ పెట్టి వినిపించవచ్చు, కానీ ఒక్క 'టక్' మీద అది చెప్పే పేరును సలహాగానే తీసుకోండి. పొట్టి, పొడి చప్పుళ్ళ దగ్గర యంత్రానికి పట్టుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. కనీసం ఒక నిమిషం రికార్డు చేయండి, వరసగా పది కూతలైనా పడాలి. అంతే కానీ, పిట్టను బయటికి రప్పించాలని ఫోన్‌లోంచి దాని కూతనే తిరిగి వినిపించకండి. తన జాగాలోకి ఎవరో చొరబడ్డారనుకుని మేత మానేసి వెతుక్కుంటుంది. అంత చిన్న ఒంటికి ఆ నష్టం చిన్నది కాదు.

3. చూపు నిలపడం

బైనాక్యులర్స్‌లో 8×42 (8 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లది) ఈ పనికి సరిపోతుంది. 10 రెట్లది తీసుకుంటే పొద లోపల చూపు ఇరుకై, చెయ్యి వణుకు పెద్దదై పిట్ట తప్పిపోతుంది. రెండు మూడు మీటర్ల దగ్గర వస్తువు మీద కూడా ఫోకస్ కుదురుతుందా లేదా అన్నది కొనేముందే చూసుకోండి, పొద దగ్గర పని అంతా అంత దూరంలోనే.

పిట్టను కాదు, కదిలే ఆకును చూడండి. గాలికైతే కొమ్మంతా ఊగుతుంది, పిట్టకైతే ఒక్క రెమ్మ అదురుతుంది. అది కంటికి చిక్కాక చూపు దించకుండా బైనాక్యులర్స్‌ను కళ్ళ దగ్గరికి తెచ్చుకోండి. కొత్తవాళ్ళు కిందికి చూసి, బైనాక్యులర్స్ ఎత్తి, తర్వాత పొదలో మళ్ళీ వెతుకుతారు. ఆపాటికి అది పక్క కొమ్మ మీద ఉంటుంది.

లోపల అది గెంతడం కంటే జారుతున్నట్టు పాకుతుంది. ఒళ్ళు బారుగా, తల చదునుగా, ముక్కు కాస్త పైకి పెట్టి, కొమ్మ వెంబడి ఆకుల అడుగులు వెతుక్కుంటూ పోతుంది. కూసినప్పుడల్లా తోక కొంచెం అదిరిస్తుంది, ఒక్కోసారి విప్పుతుంది. పొద కొసన కూర్చుని లోకాన్ని చూసే అలవాటు దీనికి లేదు. కొసన, తీగ మీద, అందరికీ కనబడేలా కూర్చుని 'టక్' అంటుంటే అది బహుశా స్టోన్‌చాట్ అనే వేరే చిన్న పిట్ట.

4. మూడు సెకన్లలో ఏం చూడాలి

బయటపడేది మూడు నాలుగు సెకన్లే. అన్నీ చూడాలనుకుంటే ఏదీ నిలవదు. ఒక్కోసారి ఒక్కో భాగం పెట్టుకుని, ఈ వరసలో చూడండి.

మొదట ముక్కు. పొడుగ్గా, కత్తి మొనలా ఉంటుంది, నుదురు దాని వైపు చదునుగా వాలి తల సూదిగా కనిపిస్తుంది. పై సగం ముదురు, కింది సగం లేత రంగు, కొస దగ్గర తరచు నల్లమసక.

తర్వాత కనుబొమ్మ గీత. ఇది కంటికి ముందు భాగంలో, ముక్కుకూ కంటికీ మధ్యన కాస్త ఉబ్బి తెల్లగా ఉంటుంది, కన్ను దాటాక దాదాపు మాసిపోతుంది. దీన్ని కాగితం మీద ఒకసారి గీసుకోండి. తర్వాత వచ్చే పోలికల్లో సగం తగవు ఈ గీత దగ్గరే తేలుతుంది.

మూడోది తోక. కొస గుండ్రంగా ఉంటుంది, పక్క ఈకల్లో తెలుపు ఉండదు. తోక కింది ఈకలు పొడవు కావడంతో తోక మొదలు దగ్గర ఒళ్ళు బరువుగా కనిపిస్తుంది. మూసిన రెక్క పొట్టి, కొసలు పెద్దగా పొడుచుకురావు.

కాళ్ళు బూడిద గోధుమ. పిచ్చుక కంటే కాస్త చిన్నది, చాలా సన్నది. పొడవు 12.5 నుంచి 14 సెంటీమీటర్లు, బరువు పిచ్చుకలో సగం.

ఇప్పుడు రంగు. వీపు, రెక్కలు, తోక మొదలు అంతా ఒకటే చల్లటి బూడిద గోధుమ, అందులో లేశంగా ఆలివ్ ఛాయ. అడుగున మాసిన తెలుపు. కొత్త ఈకల్లో ఛాయ కాస్త వెచ్చగా ఉంటుంది, అరిగేకొద్దీ బూడిద పాలు పెరుగుతుంది. కాబట్టి అక్టోబర్ పిట్టనూ మార్చి పిట్టనూ ఫోటోల్లో పక్కపక్కన పెట్టి రెండు జాతులనుకోకండి. ఇంకో మోసం ఆకుల నీడది. పచ్చటి ఆకుల్లోంచి వడగట్టుకుని వచ్చే వెలుగులో ఈ పిట్ట పచ్చగా పడుతుంది, కెమెరా ఆటో వైట్‌బ్యాలెన్స్ (రంగులను తానే సర్దే ఏర్పాటు) దాన్ని ఇంకాస్త పెంచుతుంది. గ్రీనిష్ వార్బ్లర్ అనే వేరే పిట్టగా తప్పుగా నమోదయ్యే ఫోటోలు ఇలాగే పుడతాయి. పిట్ట పక్కన ఎండిన కొమ్మ కూడా ఫ్రేములో ఉండేలా తీయండి. కొమ్మ కూడా పచ్చబారి ఉంటే తప్పు వెలుగుది.

5. అది కాదని తేల్చుకోవడం

గుర్తింపులో అసలు పని ఇదే. మీ పొదలోకి రాగల మిగతా పిట్టల పేర్లను జాబితాలోంచి ఒక్కొక్కటిగా కొట్టేయాలి.

కుట్టుపిట్టను వదిలించుకోవడం తేలిక. తల మీద ఇటుకరంగు టోపీ, నిక్కించిన తోక, వీపు పచ్చ. లకుముకి అంత గొంతుతో ఏడాది పొడవునా అరుస్తూనే ఉంటుంది. ప్రినియాలు అనే చిన్న పిట్టలు తోక పొడవుతోనే పట్టుబడతాయి.

గ్రీనిష్ వార్బ్లర్, దాన్నే పచ్చజిట్ట అందాం, చలికాలంలో మన చెట్లలో బాగా కనిపించే వలస పిట్ట. చిన్నది, 10 నుంచి 11 సెంటీమీటర్లు. వీపు పచ్చ, కనుబొమ్మ గీత పొడవుగా కన్ను దాటి వెనక్కి సాగుతుంది, దగ్గర నుంచి చూస్తే రెక్క మీద సన్నటి లేత గీత. అన్నిటికంటే ముందు, ఎత్తు చూడండి. అది చింత, వేప, మామిడి కొమ్మల్లో పైన తిరుగుతుంది, 'చిస్‌లీ' అని రెండు ముక్కల తీపి కూత. పై అంతస్తు దానిది, కింది అంతస్తు కంపజిట్టది అనుకోండి, పదిసార్లలో ఎనిమిదిసార్లు సరిపోతుంది.

బూటెడ్ వార్బ్లర్ దగ్గర నిజంగా చిక్కు. అదీ మట్టిరంగే, అదీ 'చెక్' అంటుంది. తేడాలు: ముక్కు పొట్టి, తల గుండ్రం, ముఖం పసిపిల్లలా అమాయకంగా ఉంటుంది. తోక కొస చదరంగా, అంచు ఈకలు లేతగా. నీడ పొద కంటే ఎండ తగిలే తుమ్మ, రేగు, చిట్టడవి దానికి ఇష్టం. రాయలసీమ మెట్ట పొలాల్లో ఉన్నవాళ్ళు దీన్ని తప్పక నేర్చుకోవాలి. దానికి దగ్గరి చుట్టం సైక్స్ వార్బ్లర్ ముక్కు ఇంకాస్త పొడుగ్గా ఉండి కంపజిట్టకు మరీ దగ్గరవుతుంది. అక్కడ చదరపు తోక, ఇసుకరంగు పాలిపోయిన వీపు చూసి గానీ మాట ఇవ్వకండి.

తుమ్మచెట్టులో 'టెక్' వినబడితే లెసర్ వైట్‌త్రోట్ కావచ్చు. తల బూడిద, చెంప నలుపు తిరిగిన బూడిద, గొంతు తెల్లగా మెరుస్తుంది. ఒక్కసారి ముఖం కనబడితే ఇక సందేహం ఉండదు.

చెరువు జమ్ములో, వరిచేను గట్టున ఉంటే ప్యాడీఫీల్డ్ వార్బ్లర్‌ను తలచుకోండి. ఒళ్ళు వెచ్చటి ఎర్ర గోధుమ, కనుబొమ్మ గీత వెడల్పుగా, పొడవుగా, దాని పైన ముదురు గీత, ముక్కు పొట్టి. అదే జమ్ములో పికిలిపిట్టంత పెద్దది గరగరలాడే గొంతుతో పాడుతుంటే క్లామరస్ రీడ్ వార్బ్లర్. 18 నుంచి 20 సెంటీమీటర్ల పిట్టను 13 సెంటీమీటర్లదని పొరబడటం ఒంటరిగా కూర్చున్నప్పుడు జరుగుతుంది, పక్కన ఇంకో పిట్టో, తెలిసిన ఆకో ఉంటే జరగదు. తూర్పు కనుమల్లో థిక్‌బిల్డ్ వార్బ్లర్ అనే మరో పెద్దది పొదల్లోనే తిరుగుతుంది. దానికి కనుబొమ్మ గీత లేదు, ముక్కు మొద్దు.

మనకు ఒక అదృష్టం ఉంది. యూరప్‌లో ఈ పిట్టను చూసేవాళ్ళను ఏడిపించే మార్ష్ వార్బ్లర్, యూరేషియన్ రీడ్ వార్బ్లర్ రెండూ చలికాలం ఆఫ్రికాకు పోతాయి. అందుకే అక్కడి పుస్తకాల్లో రెక్క ఈకల కొలతల మీద పేజీలకు పేజీలుంటాయి. మీరు వాటిని దాటేయొచ్చు.

అలాగని మరీ ధీమా వద్దు. 1867లో సట్లెజ్ లోయలో దొరికిన ఒక్క నమూనాతో అప్పటి బ్రిటిష్ అధికారి, పక్షి పరిశీలకుడు ఏ.ఓ. హ్యూమ్ లార్జ్‌బిల్డ్ రీడ్ వార్బ్లర్ అనే జాతిని వర్ణించాడు. మళ్ళీ బతికున్న పిట్ట చేతికి చిక్కింది 2006లో, థాయిలాండ్‌లో. ఆ తర్వాత మ్యూజియం సొరుగులు తిరగేస్తే బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ అని చీటీ కట్టి దాచిన పిట్ట నమూనాల మధ్యే ఆ జాతివి బయటపడ్డాయి. పిట్టను చేతిలో పెట్టుకుని స్కేలుతో కొలిచినవాళ్ళే తప్పు చీటీ కట్టారు. పది అడుగుల దూరం నుంచి సగం ఆకు చాటున చూసిన మీరు 'జాతి తేలలేదు' అని రాసుకుంటే చిన్నతనం ఏమీ కాదు.

6. ఒక్క పిట్టను పట్టుకుని సీజనంతా చూడండి

పేరు తెలిసింది కదా అని వదిలేయకండి, అలవాట్లు ఇక్కడి నుంచే తెలుస్తాయి. ఇది చలికాలంలో ఒంటరి. గుంపు కట్టదు. తనకంటూ కొన్ని పొదల వరసను పెట్టుకుని వాటి చుట్టూనే తిరుగుతుంది. ఆ 'టక్ టక్' ఊరికే కాదు, ఈ జాగాలో మనిషి ఉన్నాడని చెప్పడం లాంటిది. కాళ్ళకు రింగులు వేసి చూసినచోట్ల, అదే పిట్ట మరుసటి చలికాలం అదే తోటకు తిరిగొచ్చిన సందర్భాలు దొరికాయి. పక్షి శాస్త్రవేత్త ట్రెవర్ ప్రైస్ మన తూర్పు కనుమల్లోనే పచ్చజిట్టల మీద పని చేసి 1981లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే తీరు కనిపిస్తుంది: చలికాలమంతా ఒక్కో పిట్ట తన జాగాను కాచుకుంటుంది.

దీన్ని మీ పెరట్లోనే పరీక్షించవచ్చు. ఇంటి చుట్టూ యాభై అడుగుల మేర పటం గీసి, పొదలకు అంకెలు వేయండి. వారంలో మూడు రోజులు, పొద్దున ఒకే సమయానికి, ఇరవై నిమిషాలు నిలబడి ప్రతి కూతనూ ఆ అంకె దగ్గర చుక్కగా పెట్టండి. ఒకే క్షణంలో రెండు వేర్వేరు పొదల నుంచి వినబడితే ఆ రెండు చుక్కలనూ గీతతో కలపండి, అవి రెండు పిట్టలు. నాలుగు వారాలకు చుక్కలు ముద్దలు ముద్దలుగా విడిపోతాయి. ముద్దల మధ్య ఖాళీయే సరిహద్దు, 'చర్ర్‌ర్' ఎక్కువగా వినబడేదీ అక్కడే.

మేత ప్రధానంగా పురుగులు, సాలీళ్ళు, చీమలు. పూలు విరగబూసే రోజుల్లో పూల దగ్గరా తిరుగుతుంది, తేనె కూడా తాగుతుంది. అందుకే నుదుటి మీద పుప్పొడి అంటిన పిట్ట కనబడితే కొత్త జాతి దొరికిందని సంబరపడేముందు పక్క చెట్టు వంక చూడండి.

మీ పొదలో ఇది నిలవాలంటే చేయాల్సింది తక్కువ, మానాల్సింది ఎక్కువ. సెప్టెంబర్ నుంచి ఏప్రిల్ దాకా కంచెను అడుగు దాకా కత్తిరించకండి. నిమ్మకు, కరివేపాకుకు పురుగుమందు కొడితే పిట్ట మేతను మీరే ఎత్తేసినట్టు. రాలిన ఆకులు పొద కింద ఉండనివ్వండి. రెండు మూడు సెంటీమీటర్ల లోతు మట్టి మూకుడులో నీళ్ళు పెట్టి, రోజూ పారబోసి మార్చండి. పిల్లి పొంచి ఉండే మూల పక్కన మాత్రం పెట్టకండి. పట్టుకుని చూద్దామన్న ఆలోచన వద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.

7. మార్చి తర్వాత చెవి మార్చుకోండి

వెళ్ళేముందు ఇది పాడటం మొదలుపెడుతుంది. మొదట పొద లోపల తనకు తాను గొణుక్కున్నట్టు ఉంటుంది. పక్కనే నిలబడినా సగం వినబడదు. ఒక్కో చిన్న పదాన్ని మూడు నుంచి ఆరుసార్లు తిప్పి తిప్పి అని, మధ్యలో రెండు మూడు 'టక్'లు పెట్టి, తర్వాతి పదానికి పోతుంది. పాఠం వల్లె వేస్తున్న పిల్లాడి తీరు. మధ్యమధ్య వేరే పిట్టల కూతలను అనుకరిస్తుంది. ఈ నిదానం, ఈ పునరుక్తే దాని పాటకు గుర్తు. ఉరుకులు పరుగులుగా గలగలలాడితే అది బూటెడ్.

8. రాతలో పెట్టడం

పిట్టల జాబితాలు నమోదు చేసే ఈ-బర్డ్ వెబ్‌సైటులో పెట్టేటప్పుడు మొదలుపెట్టిన సమయం, ఎంతసేపు, ఎంత దూరం నడిచారు, చూసిన విన్న అన్ని పిట్టలూ రాసి పూర్తి జాబితాగా నమోదు చేయండి. వ్యాఖ్య దగ్గర 'బ్లైత్స్' అని మళ్ళీ పేరు రాయడం వల్ల ఉపయోగం లేదు. 'ముక్కు పొడవు, గీత కంటి ముందే ఆగింది, తోక గుండ్రం, ఎడం ఇచ్చి టక్' అని చూసింది చూసినట్టు రాయండి. చెవితో మాత్రమే తెలిస్తే ఆ సంగతి రాయండి.

మొదటి తేదీ తేలిక, విన్న రోజే రాసుకుంటారు. చివరి తేదీయే జారిపోతుంది, ఎందుకంటే అది చివరిదని ఆ రోజు తెలియదు. ఏప్రిల్ 10 నుంచి గోడ క్యాలెండరు మీద రోజూ పొద్దున అదే ఇరవై నిమిషాలకు వినబడితే టిక్కు, వినబడకపోతే సున్నా పెట్టండి. వినడానికి వెళ్ళని రోజు గడిని ఖాళీగా వదలండి, దాన్ని సున్నాగా లెక్కేయకండి. వరసగా పది సున్నాలు పడ్డాక వెనక్కి వెళ్ళి ఆఖరి టిక్కు చుట్టూ గుండ్రం గీయండి. ఆ కాగితం చింపి దాచుకోండి, సెప్టెంబర్‌లో అదే పొద దగ్గర అవసరమవుతుంది.